తమ్ముడు హాస్టల్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తున్నాడు, ఇంటికి తెచ్చేయాలా?

తమ్ముడు ఇంటర్ సెకండియర్, ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తున్నాడు, ఫీజంతా కట్టేశాం, నాన్నేమో "ఇంకో ఐదు నెలలేగా" అంటున్నారు, ఏం చేయాలని అడిగారు.

తెచ్చేయండి. మేం ఆ ఐదు నెలలూ ఆగినవాళ్లం.

మా చెల్లెలు బైపీసీ. హాస్టల్లో మొదట పై సెక్షన్‌లో వేశారు. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గేసరికి దసరా సెలవుల తర్వాత కింది సెక్షన్‌కి మార్చారు. అంటే అందరూ చూస్తుండగా పరుపు చుట్టుకుని, ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ వేరే ఫ్లోర్‌కి వెళ్లడం. ఈ సంగతి మాకు ఏడాది తర్వాత గానీ చెప్పలేదు. వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు, వెనకాల పది మంది లైన్లో. ఏం చెబుతుంది? ఒకసారి అమ్మ పులిహోర పట్టుకెళ్తే డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది. "తర్వాత తింటాలే." అమ్మకి అప్పుడే అనుమానం వచ్చింది. నేనే "చదువు టెన్షన్‌లే అమ్మా" అని కొట్టిపడేశాను.

పరీక్షలు రాసింది, పాసయింది కూడా. తర్వాత దాదాపు రెండేళ్లు గది దాటలేదు. ఒంటరిగా వదలలేక అమ్మ మిషన్ కుట్టడం మానేసింది. డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజల్లా నాన్నకి పని పోయేది. చుట్టాలకేమో టైఫాయిడ్ తిరగబెట్టిందని చెప్పాం, రేపు సంబంధాలు రావేమోనని. ఫీజు పోతుందని ఆగాం కదా, అంతకు మూడింతలు ఖర్చయింది.

మాదొక్క ఇల్లే కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, మార్కుల్ని బట్టి పిల్లల్ని వీలైనంతవరకు బ్యాచులుగా విడగొట్టొద్దని, వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ తమ్ముడి కాలేజీలో ఉన్నారేమో అడగండి. స్టడీ అవర్‌లో కర్ర పట్టుకు తిరిగే ఆయన్నే చూపిస్తే అర్థమైపోతుంది.

వెళ్లినప్పుడు వార్డెన్ ముందు కాదు, బయటికి తీసుకెళ్లి టిఫిన్ దగ్గర కూర్చోబెట్టి మాట్లాడండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉంటే బయటికొస్తుంది. ఔనంటే ఆ రాత్రి కూడా అక్కడ ఉంచకండి, ఒంటరిగా వదలకండి, నేరుగా సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ముందు మీరే చేసి నాన్నతో మాట్లాడించండి.

సర్టిఫికెట్లు ఇవ్వం, బాకీ కట్టండి అని కాలేజీవాళ్లు మొండికేస్తారు. వాదన పెట్టుకోకండి. ముందు పిల్లాణ్ని బస్సెక్కించండి, కాగితాల కోసం మర్నాడు మీరొక్కరే వెళ్లొచ్చు.