ఎనిమిదేళ్ల బాబుకు కోవిడ్ టీకా: 2022లో అనుమతి వచ్చినా ఎందుకు వేయలేదు?

ప్రశ్న (మే 2022): మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. పదహారేళ్ల పెద్దమ్మాయికి జనవరిలో కోవాగ్జిన్ వేయించాం. పదమూడేళ్ల రెండో అమ్మాయికి మొన్న కార్బెవాక్స్ మొదటి డోసు వేశారు. ఆరేళ్లు దాటిన పిల్లలకూ అనుమతి వచ్చిందని వార్తల్లో చూసి ఎనిమిదేళ్ల బాబు గురించి అడిగితే, తమకు ఆదేశాలు రాలేదని ఏఎన్ఎం అన్నారు. డెబ్బై ఏళ్ల మా మామగారికి సోంపేటలో డయాలసిస్ జరుగుతోంది. బాబు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉంటాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు చూసిన వార్తా నిజమే, ఏఎన్ఎం చెప్పిందీ నిజమే. ఒక టీకాను ఫలానా వయసు వారికి వాడవచ్చని అనుమతించేది ఔషధ నియంత్రణ సంస్థ (డీసీజీఐ) కాగా, దానిని ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చాలా, ఎవరితో మొదలుపెట్టాలి అనే విషయాలపై కేంద్రానికి సలహా ఇచ్చేది వేరే నిపుణుల బృందం. 2022 ఏప్రిల్ 26న 6–12 ఏళ్ల వారికి కోవాగ్జిన్‌కు, 5–12 ఏళ్ల వారికి కార్బెవాక్స్‌కు అత్యవసర వినియోగ అనుమతి లభించింది. కార్యక్రమంలో చేర్చే నిర్ణయం మాత్రం 2022 మే నాటికి వెలువడలేదు కనుక అప్పట్లో ప్రభుత్వ కేంద్రాల్లో పన్నెండేళ్లు నిండిన వారికే టీకా వేసేవారు.

పిల్లల వంతు చివర రావడం నిర్లక్ష్యం కాదు. కోవిడ్ ఎక్కువగా ప్రాణాలు తీసింది వృద్ధులవి, దీర్ఘవ్యాధులున్న వారివి. అందుకే ముందు పెద్దల్లో భద్రత తేల్చుకుని, ఆ తర్వాత పెద్ద పిల్లల నుంచి చిన్న పిల్లల వైపు దిగుతూ పరీక్షిస్తారు. కోవాగ్జిన్‌ను 2021 మేలో లభించిన అనుమతితో 525 మంది పిల్లల్లో ఇలాగే మూడు వయసు బృందాలుగా పరీక్షించారు. రెండేళ్లు దాటిన వారందరికీ ఇవ్వవచ్చని డీసీజీఐకి సలహా ఇచ్చే నిపుణుల కమిటీ ఆ అక్టోబరులోనే సిఫారసు చేసినా, డీసీజీఐ డిసెంబరులో పన్నెండేళ్లు దాటిన వారికి మాత్రమే అనుమతించింది. పిల్లల టీకా కార్యక్రమం 2022 జనవరి 3న పదిహేనేళ్లు దాటిన వారితో మొదలైంది. ఈ ఆచితూచి అడుగేయడాన్ని నేను తప్పుపట్టను. అమెరికాలోనూ ఫైజర్ టీకాకు పదహారేళ్లు దాటిన వారికి 2020 డిసెంబరులో అనుమతి రాగా, 5–11 ఏళ్ల వారికి 2021 అక్టోబరు చివరిదాకా రాలేదు. ఆ పిల్లలకు పెద్దల మోతాదులో మూడో వంతే, అంటే 10 మైక్రోగ్రాములే ఇచ్చారు.

అక్కాచెల్లెళ్లకు వేర్వేరు టీకాలు పడ్డాయని కంగారు పడనక్కర్లేదు. 2022 మార్చి 16న మొదలైన 12–14 ఏళ్ల వారి కార్యక్రమానికి హైదరాబాద్‌లో తయారయ్యే కార్బెవాక్స్‌ను ఎంపిక చేశారు, అంతే. రెండో డోసు మాత్రం 28 రోజుల తర్వాత అదే టీకాతో వేయించండి.

అసలు మీ ఇంట్లో ఎక్కువ ప్రమాదం బాబుకు కాదు, మీ మామగారికి. కవిటి, సోంపేట ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు కనుక ఈ మాట మీ ఒక్కరికే కాదు. డయాలసిస్ చేయించుకునే వారిలో రెండు డోసుల తర్వాత కూడా రక్షణ ఇతరుల కంటే తక్కువగా ఏర్పడుతుంది. 2022 మే నాటి నిబంధన ప్రకారం ఆయనకు రెండో డోసు వేసి తొమ్మిది నెలలు నిండి ఉంటే, డయాలసిస్ డాక్టరుకు ఒక మాట చెప్పి, ముందుజాగ్రత్త డోసు (మూడో డోసు) వెంటనే వేయించండి. అప్పట్లో అరవై దాటిన వారికి ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితంగా వేసేవారు. ఇంట్లో పెద్దలందరూ రెండు డోసులూ పూర్తి చేసుకోవాలి. బాబుకు జ్వరమో దగ్గో వస్తే తగ్గేవరకు తాతగారి గదికి పంపకండి, పరీక్ష చేయించండి. మామగారికి జ్వరం వస్తే మాత్రం ఇంట్లో మందులతో ఒక్కరోజు కూడా ఆగకుండా, డయాలసిస్ కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి వెళ్లండి.