కుండలో నీళ్లు చల్లబడటం లేదా? ముందు ఇది చూడండి

కిందటేడు బాగా పనిచేసిన కుండ ఈ వేసవిలో నీళ్లను చల్లబరచడం లేదని, వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెట్టానని రాశారు కదండీ. అప్పుడే కొత్తది కొనకండి, ముందు చోటు మార్చండి.

కుండ గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. అందులో చాలావరకు లోపలి నీళ్ల నుంచే పోతుంది, అందుకే అవి చల్లబడతాయి. దీనికి గాలి ఆడాలి. ఫ్రిజ్ వెనకనుంచి వచ్చే సెగ కుండకు శత్రువే!

పొద్దున నింపి, మధ్యాహ్నం కుండ పొట్టకు అరచెయ్యి ఆనించండి. చెమ్మగా తగిలితే కుండ బాగున్నట్టే. కిటికీ దగ్గర నీడలో, తడి ఇసుక మీద పెట్టండి చాలు. పొడిగా ఉంటే మాత్రం రంధ్రాలు పూడాయి. మీరు బోరు నీళ్లు పోస్తున్నానన్నారు కాబట్టి నా అనుమానం సున్నపు పొర మీదే. తెల్లటి మరకల మీద నిమ్మచెక్క రుద్ది, కొబ్బరి పీచుతో తోమి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. సబ్బు వద్దు, మట్టి పీల్చేసుకుంటుంది. పైన రంగు వేసిన కుండైతే ఈ తిప్పలన్నీ వృథా, రంగే రంధ్రాల్ని మూసేస్తుంది.

ఇంకోటి, మీది కాకినాడ. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అనంతపురం పొడి ఎండలో వచ్చినంత చల్లదనం అక్కడ రాదు. కుండకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను గాలి తగలనివ్వండి, తేడా తెలుస్తుంది.