కులం పేరు బయటికి చదివితే పిల్లల ప్రతిభ తగ్గుతుందా?

ప్రతిభ తగ్గదు గానీ, అది బయటపడే తీరు తప్పకుండా తగ్గగలదు. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 321 మంది అగ్రకులాల, 321 మంది నిమ్నకులాల బాలుర చేత కాగితంపై గీసిన చిక్కుదారుల పజిళ్లు పూర్తిచేయించినప్పుడు, కులం ప్రస్తావన లేనంతవరకూ ఇరువర్గాలూ ఇంచుమించు సమానంగానే రాణించాయి. అందరి ముందూ పేరు, ఊరు, తండ్రి పేరుతో పాటు కులం కూడా చదివాక మాత్రం నిమ్నకులాల బాలురు పూర్తిచేసిన పజిళ్ల సంఖ్య గణనీయంగా పడిపోయింది. ఒక్కో పజిల్‌కు రూపాయి ఇస్తామన్న ఆశ కూడా ఆ తగ్గుదలను ఆపలేదు. అయితే, నాకు ఇదే అసలు విషయమనిపిస్తుంది, బహుమతి ఎవరికన్నది మనుషులతో సంబంధం లేకుండా లాటరీ తీసి నిర్ణయించినప్పుడు ఈ అంతరం కనిపించలేదు. అంటే, ఎంత బాగా చేసినా తమను వివక్షతోనే తూస్తారన్న అపనమ్మకం వారి పట్టుదలను సడలించిందని పరిశోధకులు భావించారు.