ఇన్వర్టర్ బోర్డు గీసే ముందు

చిరంజీవి రఘుకి,

12 వోల్టుల బ్యాటరీ మీద 500 వాట్ల ఇన్వర్టర్‌కి సర్క్యూట్ బోర్డు నువ్వే గీస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది.

సర్క్యూట్ నీకు తెలిసిందే. కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టరే మాస్‌ఫెట్; గేటు, సోర్సు, డ్రెయిన్ దాని మూడు కాళ్లు. ప్రతి మాస్‌ఫెట్ గేటుకి 10 ఓముల రెసిస్టరు, గేటుకీ సోర్సుకీ మధ్య 10 కిలో ఓములు, గేటుని నడిపే డ్రైవరు చిప్పు పక్కనే ఉండాలి. అంతే.

అందరూ బోల్తా పడేది రాగి దగ్గర. సామర్థ్యం 85 శాతం అనుకుంటే 500 వాట్లకి బ్యాటరీ నుంచి దాదాపు 49 ఆంప్స్ లాగుతుంది, బ్యాటరీ 10.5 వోల్టులకి దిగితే 56. మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లే. 10 మి.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవున్న ట్రాక్‌కి, అంటే బోర్డు మీది రాగి దారికి, నిరోధం సుమారు 5 మిల్లీఓములు. ఓస్, ఇంతేనా అనుకుంటావు. 50ని 50తో హెచ్చవేసి, దాన్ని 0.005తో హెచ్చవెయ్: పన్నెండున్నర వాట్లు! చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడిలో సగం ఆ ఒక్క ట్రాక్‌లోనే. బోర్డు కమిలి ట్రాక్ పొరలా లేస్తుంది. నువ్వేమో మాస్‌ఫెట్ వేడిని లాగే రెక్కల లోహం, అదే హీట్‌సింక్, చాల్లేదనుకుని ఇంకో ఫ్యాన్ బిగిస్తావు. ఆ వేడి కాళ్ల గుండా మాస్‌ఫెట్‌లోకీ ఎక్కుతుంది, ఎక్కేకొద్దీ దాని ఆన్ నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి మళ్లీ పెరుగుతుంది. ట్రాక్ మీద టంకం దట్టంగా పోసి ఊరుకోకు. టంకం నిరోధం రాగికి ఎనిమిది తొమ్మిది రెట్లు. 2.5 చదరపు మి.మీ. రాగి తీగని ట్రాక్ పొడవునా పరిచి టంకం పెట్టు. నిరోధం 0.6 మిల్లీఓములకి దిగి, నష్టం ఒకటిన్నర వాట్లయిపోతుంది. ప్లస్, మైనస్ దారులు పక్కపక్కనే నడిపించు. దూరం చేస్తే ఆన్, ఆఫ్ అయినప్పుడల్లా ఎగసే వోల్టేజి స్పైకులు 55 వోల్టుల మాస్‌ఫెట్‌ని తినేస్తాయి.

మాస్‌ఫెట్ వెనక లోహపు ట్యాబ్ డ్రెయినేరా, మరిచిపోకు. పుష్‌పుల్‌లో, అంటే రెండు వైపుల మాస్‌ఫెట్లు వంతులవారీగా ఆన్ అయ్యే సర్క్యూట్‌లో, రెండు వైపుల డ్రెయిన్లూ వేరు; హీట్‌సింక్ ద్వారా కలిస్తే షార్టే, కాబట్టి ట్యాబ్ కింద కరెంటు పారనివ్వని మైకా రేకు, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. బిగించాక ట్యాబ్‌కీ హీట్‌సింక్‌కీ కలవలేదని మల్టీమీటరుతో చూడు. వేడిని దాటించే పేస్టు పల్చగా రాయి, హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉంచు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లని హీట్‌సింక్‌కి ఆనించకు. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది 230 వోల్టుల వైపు. బ్యాటరీ వైపు ట్రాక్‌లకి 8 మి.మీ. ఎడం ఉంచు, మధ్యలో బోర్డుకి గాడి కొయ్యి. బయటి లైనుని విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కి కలిపావంటే లైను మీద పనిచేసేవాడి ప్రాణం తీస్తావు, జాగ్రత్త. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే పెట్టు. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరం తీసెయ్ నాన్నా.

మొదటిసారి 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బుని సిరీస్‌లో పెట్టి, లోడు లేకుండా ఆన్ చెయ్. బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టుంది. ఆ తర్వాత బల్బు తీసేసి, 200 వాట్లతో అరగంట నడిపి, వేడి కొలిచే తీగ, థర్మోకపుల్‌తో, కొలిచి రాసిపెట్టు. ముందు ట్రాక్‌లది, తర్వాతే హీట్‌సింక్‌ది.

ఆశీస్సులతో,
మావయ్య