చీటీలో వచ్చిన పక్షం

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవికి ఆశీస్సులు.

బెజవాడ నుంచి నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదువు మాతృభాషలోనే సాగాలన్న నీ మాటతో నాకు పేచీ లేదు. ఆ వ్యాసంలో నీతో పేచీ పెట్టుకునే మనిషి ఒక్కరూ లేకపోవడమే దాని లోపం. అప్పు తెచ్చి బిడ్డను ఇంగ్లీషు మీడియంలో చేర్పించిన తల్లి ఏమంటుందో నీవు అడగనే లేదు. కళాశాల చర్చాపోటీకి పేరివ్వాలంటే భయమని కూడా రాశావు. ఈ రెండింటికీ మూలం ఒకటేనని నా అనుమానం.

నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో మా తెలుగు మాస్టారు తరగతిలో చర్చలు పెట్టి, ఎవరిది ఏ పక్షమో చీటీలు తీయించి తేల్చేవారు. పాత పుస్తకాల గ్రాంథికంలో రాయాలా, వాడుక భాష అయిన వ్యావహారికంలో రాయాలా అన్న చర్చ జరిగినప్పుడు, వ్యావహారికం కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారంటే ప్రాణంపెట్టే నాకు గ్రాంథికం చీటీ వచ్చింది. నేను మొహం మాడ్చుకునే, గ్రాంథికవాది జయంతి రామయ్య పంతులు గారి పక్షం వాదనలు వెతికి చదివాను. (1913లో ఆ ఇద్దరూ తమ తమ వాదాలను ఇంగ్లీషులో అచ్చువేశారు, తెలుగు ఎలా రాయాలన్న తగవు కూడా ఆ భాషలోనే నడిచింది మరి!) వాడుక మాట జిల్లాకొక తీరుగా ఉండగా, రాతకు అందరికీ ఒకటైన కట్టుబాటు వద్దా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ప్రశ్నను నా నోటితో నలుగురిలో అడిగిన తరువాతే, శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక భాష, అన్న గిడుగువారి సమాధానానికి ఎంత బరువుందో నాకు తెలిసివచ్చింది. ఆ రోజు మా పక్షం ఓడింది కానీ, తరువాత వ్యావహారికాన్ని సమర్థిస్తూ నేను రాసిన వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

చర్చలన్నీ మేలుచేస్తాయని మాత్రం నేననను. మన తర్కశాస్త్రం నిజం తేల్చుకునే వాదాన్ని, గెలుపే గురిగా సాగే జల్పాన్ని, తనకంటూ పక్షమే లేకుండా ఎదుటివారిని ఖండించే వితండాన్ని వేరుచేసి చూపింది. తరగతిలో చప్పట్లు జల్పానికే ఎక్కువ పడతాయి; మైకు ముందు మోగిన ఆ వాక్యమే కాగితం మీద చూస్తే డొల్లగా ఉంటుంది.

ఇక భయం సంగతి. మొదటిసారి నేను కంఠస్థం చేసిన ప్రసంగం మధ్యలో ఎవరో లేచి ఒక ప్రశ్న వేయగానే నోరు పెగలక దిగిపోయాను. మరోసారి ప్రసంగం రాసుకోకుండా, అవతలివారు అడగగల నాలుగు ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. చేతులు వణికాయి, మాట మాత్రం ఆగలేదు.

ఈసారి చర్చకు పేరిచ్చి, ఇంగ్లీషు మీడియం పక్షమే కోరుకో. అది ముగిశాక నీ వ్యాసంలో రెండో పేరాను ఆ తల్లి మాటతో మొదలుపెట్టి తిరగరాసి పంపు. మొదటి పేరాలో నేను పెన్సిలుతో కొట్టేసిన విశేషణాలను ఇందుతో జతపరిచిన ప్రతిలో చూడవచ్చు.