ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నగరంలో పాత కట్టడాలు అంత తక్కువగా ఎందుకున్నాయి?

స్థానిక ఆదివాసులైన లర్రకియా ప్రజల నేల మీద 1869లో సర్వేయర్ గోయ్డర్ సర్వే చేసి వేసిన ఊరిది. 1911 దాకా పేరు పామర్‌స్టన్. దీన్ని మూడు దెబ్బలు తుడిచిపెట్టాయి: 1897 తుఫాను, 1942 ఫిబ్రవరి 19న జపాన్ బాంబుదాడి, 1974 క్రిస్మస్ నాటి ట్రేసీ తుఫాను.

ట్రేసీలో గాలి గంటకు 217 కిలోమీటర్లు నమోదయ్యాక కొలిచే పరికరమే పాడైంది. ఇళ్లు కూలడానికి ముఖ్య కారణం పైకప్పే. గాలి రేకును గంటల తరబడి పైకి లాగి వదులుతుంటే, బిగించిన చోట లోహం అలసి పగులుతుంది. రేకు లేచిపోతే గోడలకు పైనుంచి ఆసరా ఉండదు. అందుకే తర్వాతి నిబంధనలు కప్పును పునాది దాకా కట్టిపడేయాలన్నాయి.

స్థానిక పోర్సెలనైట్ రాతితో కట్టిన బ్రౌన్స్ మార్ట్ (1885) కప్పు పోయినా గోడలతో నిలిచింది, ఇప్పుడది నాటకశాల. 1883 నాటి టౌన్ హాల్ మాత్రం శిథిలమే.

తప్పక చూడాల్సినవి మిల్లీ పాయింట్‌లో ఆర్కిటెక్ట్ బర్నెట్ 1930ల చివర్లో రూపొందించిన ఇళ్లు. ఏసీ లేని కాలంలో గాలి ఇటునుంచి అటు ఆడేలా గోడల నిండా లూవర్లు (వాలుగా అమర్చిన పలకలు) పెట్టారు. ఉష్ణమండలానికి ఇంత తెలివిగా కట్టిన ఇళ్లు అరుదు.