పించ్ హిట్టర్‌గా కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. 14 ఏళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా బాబు హైస్కూల్లో 11వ తరగతి. స్కూలు వర్సిటీ బేస్‌బాల్ జట్టులో ఉన్నాడు గానీ, మొదట దిగే తొమ్మిది మందిలో ఉండడు. ఆట చివర్లో కోచ్ పించ్ హిట్టర్‌గా దింపుతాడు. ఈ సీజన్‌లో అలా దిగి రెండు మ్యాచ్‌లు గెలిపించాడు. అప్పటి నుంచి ‘ప్రొఫెషనల్ పించ్ హిట్టర్ అవుతా’ అంటున్నాడు. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? వేసవిలో కాలేజీ కోచ్‌ల కంట పడేందుకు ఆడే షోకేస్ టోర్నమెంట్లకు చాలా డబ్బు అడుగుతున్నారు, కట్టమంటారా?

జవాబు: మీ బాబు చెప్పే పని ఉంది. దానితో బతికినవాళ్లూ, పేరు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆ పని కోసమని ఏ జట్టూ కుర్రాళ్లను నేరుగా తీసుకోదు. పించ్ హిట్టర్లుగా పేరు పడ్డవాళ్లలో చాలామంది మొదట వేరే స్థానంలో నిలదొక్కుకున్నవాళ్లే. కాబట్టి బాబు ఆశను కొట్టిపారేయకండి. కానీ వాడు రోజూ చేసే ప్రాక్టీసు మాత్రం మారాలి.

బేస్‌బాల్ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఐపీఎల్‌లో 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్‌ని చూస్తున్నాం కదా, ఒకరి బదులు ఇంకొకరు దిగుతారు, బయటికి వెళ్లినవాడు మళ్లీ రాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో పించ్ హిట్టర్ కూడా అంతే. బ్యాటింగ్ వంతు వచ్చిన ఆటగాడిని తప్పించి, బెంచి మీద ఉన్నవాడిని దింపుతారు. వాడు నాలుగైదు బంతులు ఎదుర్కొంటాడు. కొడితే బేస్ మీదికి, లేదంటే తిరిగి డగౌట్‌లోకి. చాలాసార్లు ఆ రోజుకు వాడి పని అంతటితో సరి.

బయటికి కనిపించేది ఆ రెండు నిమిషాలే. దాని వెనక ఉన్న పని బాబుకు తెలియాలి. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో మంచి పించ్ హిట్టర్ ఐదోది వచ్చేసరికి లేచి, స్టాండ్స్ కింద ఉండే బ్యాటింగ్ కేజ్‌కి వెళతాడు. ఒళ్లు వేడెక్కేదాకా స్టాండ్ మీద బంతి పెట్టుకుని కొడతాడు, తర్వాత మెషీన్‌తో వేగం పెంచుకుంటూ పోతాడు. మధ్యలో వచ్చి స్కోరు చూసుకుంటాడు. అవతలి జట్టులో ఏ రిలీవర్ (ఆట మధ్యలో దిగే పిచ్చర్, అంటే బంతి వేసేవాడు) చేయి తిప్పుకుంటున్నాడు, వాడు ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా, ఇంకెన్ని వంతుల తర్వాత మేనేజర్ తన వైపు చూస్తాడు, ఇవన్నీ లెక్క వేసుకుంటూనే ఉంటాడు. ఇంత చేశాక పిలుపు రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం ఎదురుగా అప్పుడే దిగిన రిలీవర్. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి గంటకు 95 మైళ్ల వేగంతో వేసిన బంతి సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. మిగతావాళ్లకు సాయంత్రం నుంచి మూడు నాలుగు వంతులు దొరికి కళ్లు కుదురుకుంటాయి. వీడికి మొదటి బంతే అసలు బంతి. ఒకే బ్యాటర్ మొదటి నుంచి ఆడినప్పటి కంటే బెంచి మీంచి వచ్చినప్పుడు తక్కువ కొడతాడని గణాంకాలు చూసేవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అందులో ఆశ్చర్యం లేదు.

ఇక ఆ పనిలో శిఖరం ఎంత ఎత్తో చూడండి. మేజర్ లీగ్‌లో అత్యధిక పించ్ హిట్లు (పించ్ హిట్టర్‌గా దిగి, కొట్టి బేస్ చేరినవి) లెనీ హారిస్‌వి, మొత్తం 212. అందుకు ఆయనకు 804 అవకాశాలు పట్టాయి. అంటే ఆ పనిలో అందరికంటే ఎక్కువ సాధించిన మనిషి కూడా నాలుగింట మూడు సార్లు ఉత్త చేతులతో వెనక్కి వచ్చాడు. మీ బాబు రెండు మ్యాచ్‌లు గెలిపించాడంటే నాకూ సంతోషమే. ఆ రెంటి మధ్య ఎన్నిసార్లు ఔటయ్యాడో, ఆ రాత్రి అన్నం సరిగా తిన్నాడో లేదో గుర్తు చేసుకోండి. ఈ పనికి వాడు తగునో లేదో గెలిచిన రోజుల కంటే ఆ రోజులే బాగా చెబుతాయి.

హారిస్ 1988లో అడుగుపెట్టినప్పుడు ఇన్‌ఫీల్డర్. రెండు మూడు స్థానాల్లో ఎక్కడ నిలబెట్టినా సర్దుకునేవాడు. అందుకే 18 సీజన్లు, ఎనిమిది జట్లు ఆయనకు చోటిచ్చాయి. ఆయన 2001లో బద్దలు కొట్టిన రికార్డు మానీ మోటాది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన మోటా ఔట్‌ఫీల్డర్, కెరీర్ సగటు .304, అంటే వందకు ముప్పై హిట్లు. పించ్ హిట్టర్‌గా 23 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి మేజర్ లీగ్ రికార్డు పెట్టిన కెనడా ఆటగాడు మ్యాట్ స్టెయిర్స్ 1999లో ఓక్లాండ్‌కు రోజూ ఆడుతూ 38 హోమ్ రన్లు కొట్టాడు. ఫిలడెల్ఫియా తరఫున బెంచి మీంచి లేచి, లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్స్ మీద తన ప్రఖ్యాత హోమ్ రన్ కొట్టింది 2008లో, వయసు 40 ఏళ్లు వచ్చాక.

బాబు యూట్యూబ్‌లో కిర్క్ గిబ్సన్ వీడియో చూసే ఉంటాడు. 1988 అక్టోబర్ 15, వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) మొదటి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, డాడ్జర్స్ ఒక పరుగు వెనక. రెండు కాళ్లకూ గాయాలతో కుంటుకుంటూ వచ్చి అవతలి పిచ్చర్ డెనిస్ ఎకర్స్లీ బంతిని స్టాండ్స్‌లోకి పంపాడు. ఆ సిరీస్ మొత్తంలో ఆయన బ్యాట్ పట్టింది ఆ ఒక్కసారే. పించ్ హిట్టింగ్ అనగానే అందరూ చూపించేది అదే. కానీ గిబ్సన్ ఆ ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, సీజనంతా మొదటి నుంచి ఆడినవాడు. కాళ్లు సహకరించక ఆ రాత్రి పించ్ హిట్టర్ అయ్యాడు. బాబుతో కూర్చుని ఆ వీడియో మళ్లీ చూడండి, ఈ సంగతి కూడా చెప్పండి.

ఇప్పుడు కొంచెం కఠినమైన మాట. ఈ పని రోజురోజుకూ తగ్గిపోతోంది. నేషనల్ లీగ్‌లో చాలాకాలం పిచ్చర్లే బ్యాటింగ్ కూడా చేసేవారు. వాళ్లకు సరిగా కొట్టడం రాదు కాబట్టి, ఆట చివర్లో వాళ్ల వంతు వచ్చినప్పుడల్లా బెంచి మీంచి ఒకరిని దింపేవారు. హారిస్, మోటా లాంటివాళ్లకు పని దొరికిందంటే ప్రధానంగా అందువల్లే. 1995లో కొలరాడో తరఫున జాన్ వాండర్ వాల్ ఒకే సీజన్‌లో 28 పించ్ హిట్లు కొట్టాడు. 2017లో మయామీకి ఆడుతూ జపాన్ స్టార్ ఇచిరో 27 దగ్గర ఆగాడు. 2022 నుంచి రెండు లీగుల్లోనూ పిచ్చర్ బదులు బ్యాటింగ్‌కు డీహెచ్ (డెసిగ్నేటెడ్ హిట్టర్, బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) వచ్చేశాడు. ఆ అవసరమే పోయింది. పైగా 26 మంది జట్టులో 13 మంది వరకు పిచ్చర్లే. మిగిలిన 13లో తొమ్మిది మంది ఆడతారు. బెంచి మీద మిగిలేది నలుగురు, అందులో ఒకడు అదనపు క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు). ఆ మిగతా మూడు కుర్చీలు బ్యాట్ ఒక్కటే తెలిసినవాడికి ఇవ్వడానికి ఏ మేనేజర్‌కీ మనసొప్పదు. రెండు మూడు స్థానాల్లో ఫీల్డింగ్ చేయగలగాలి, వేగంగా పరిగెత్తగలగాలి. చాలా జట్లలో పించ్ హిట్టింగ్ ఇప్పుడు ఆ బహుముఖ ఆటగాడు చేసే పనుల్లో ఒకటి మాత్రమే.

జపాన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడి కథ నాకు చాలా ఇష్టం. హాంక్యూ బ్రేవ్స్ ఆటగాడు యాసుహిరో తకాయ్ పించ్ హిట్టర్‌గా 27 హోమ్ రన్లు కొట్టాడు. అది స్టెయిర్స్ కంటే ఎక్కువ. బెంచి మీద కూర్చున్నంతసేపూ ఆయన ఎదుటి పిచ్చర్లను గమనిస్తూ ఉండేవాడు. ఏ బంతి వేసే ముందు చేయి ఎలా కదులుతుంది, గ్లవ్ ఎలా పట్టుకుంటాడు, ఇలాంటి అలవాట్లన్నీ రాసిపెట్టుకునేవాడు. ఆయన మెమోల గురించి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ బాబుకు నేను ఈ రోజు నుంచే చేయమని చెప్పే పని ఇదే. డగౌట్‌లో ఖాళీగా కూర్చోకుండా ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. మొదటి బంతి ఏది వేస్తున్నాడు, రెండు స్ట్రైక్‌లు పడ్డాక ఏది వేస్తున్నాడు, అలసిపోయాక ఎటు వేస్తున్నాడు, అన్నీ రాయమనండి. ఏ స్థానంలో ఆడినా ఆ చూపు పనికొస్తుంది. మేజర్ లీగ్ జట్లన్నీ డేటా చూసేవాళ్లను పెద్ద ఎత్తున తీసుకుంటున్న ఈ రోజుల్లో, ఆడకపోయినా పనికొస్తుంది. జపాన్‌కి వెళ్లి పించ్ హిట్టర్ అవుతానంటాడేమో, అక్కడి రెండు లీగుల్లో ఒకటైన సెంట్రల్ లీగ్ కూడా 2027 నుంచి డీహెచ్ పెడుతోంది, ఆ దారీ ఇరుకే.

డబ్బు దగ్గరికొస్తే, పైనున్న జీతానికీ కింద ఉన్న జీతానికీ పోలికే లేదు. మేజర్ లీగ్‌లో కనీస జీతం 2026కి 7 లక్షల 80 వేల డాలర్లు. బెంచి మీద కూర్చున్నా అదే కనీసం. 43 రోజులు అక్కడ ఉంటే చిన్నదైనా పెన్షన్‌కు అర్హత వస్తుంది. అదే మీ ఊళ్లో ఆడే రఫ్‌రైడర్స్ సంగతి చూడండి, అది టెక్సస్ రేంజర్స్ వారి డబుల్-ఎ జట్టు, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. 2023 ఒప్పందంలో ఆ స్థాయికి పెట్టిన కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. ఫ్రిస్కోలో ఆ డబ్బుతో ఇల్లు గడవదని మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఆ స్థాయిలో పించ్ హిట్టర్‌గా ఎవరినీ పెంచరు. భవిష్యత్తు ఉన్న కుర్రాడిని రోజూ ఆడిస్తారు, లేనివాడిని పంపించేస్తారు.

ఒక సాయంత్రం బాబును ఆ స్టేడియానికి తీసుకెళ్లండి. భారత మూలాలున్న తల్లి కొడుకు కుమార్ రాకర్ 2024లో రేంజర్స్‌కి వెళ్లే ముందు అక్కడ పిచింగ్ చేశాడు. ఆరో ఇన్నింగ్స్ నుంచి బంతిని కాకుండా బెంచిని చూడమనండి. ఎవరు లేస్తున్నారు, ఎవరు కేజ్‌కి వెళుతున్నారు, ఎవరు రాత్రంతా అలాగే కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్లు కూడా ఒకప్పుడు తమ హైస్కూల్లో తిరుగులేని ఆటగాళ్లేనని చెప్పండి.

ఇక చేయాల్సిన పని. వాడు మొదటి తొమ్మిదిలో ఎందుకు లేడో కోచ్‌ని వాడే అడగాలి, మీరు కాదు. ‘నన్ను ఎందుకు ఆడించడం లేదు’ అని కాకుండా, ‘రోజూ ఆడాలంటే నేను ఏం మెరుగుపరచుకోవాలి’ అని అడగాలి. సాధారణంగా జవాబు ఫీల్డింగ్ అనో, వేగం అనో వస్తుంది. అది వచ్చాక ఒక ఔట్‌ఫీల్డ్ స్థానం, ఒక ఇన్‌ఫీల్డ్ స్థానం ఎంచుకుని ఈ వేసవంతా వాటి మీదే పని చేయాలి. బ్యాటింగ్ ఎలాగూ వస్తుంది కదా అని దాని మీదే కూర్చుంటే రెండేళ్ల తర్వాత కూడా ఇక్కడే ఉంటాడు.

షోకేస్‌లకు ఇప్పుడే పెద్ద మొత్తం కట్టొద్దు. ముందు దగ్గర్లోని ఏదైనా ట్రైనింగ్ సెంటర్‌లో ఎగ్జిట్ వెలాసిటీ (బ్యాట్‌కి తగిలాక బంతి వేగం), 60 గజాల పరుగు, త్రో వేగం కొలిపించండి. ఆ అంకెలు తీసుకుని, వాడి స్థాయికి తగ్గ కాలేజీల కోచ్‌లకు వాడే ఈమెయిల్ రాయాలి, చిన్న వీడియో జత చేయాలి. డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై మెట్టు) కోచ్‌లు 11వ తరగతి మొదలవకముందు, ఆగస్టు 1 నుంచే పిల్లలతో మాట్లాడొచ్చు. ఇప్పటిదాకా ఒక్కరూ పలకరించలేదంటే, డబ్బు కట్టి వందమందిలో ఒకడిగా నిలబడటం వల్ల ఒరిగేది తక్కువ. కోచ్ తిరిగి జవాబు రాసిన కాలేజీ క్యాంపుకి పంపండి, ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది.

నాకైతే మీ బాబుకు జూనియర్ కాలేజీ దారి బాగుంటుందనిపిస్తోంది. టెక్సస్‌లో ఆ కాలేజీల బేస్‌బాల్ చాలా గట్టిది. రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ ఇద్దరూ హ్యూస్టన్ దగ్గరి శాన్ జసింటో కాలేజీ నుంచి వచ్చినవాళ్లే. అక్కడ రోజూ ఆడే అవకాశం దొరకొచ్చు, ఫీజూ తక్కువ, రెండేళ్లలో పెద్ద కాలేజీకి మారొచ్చు. చదువు మీద దృష్టి ఎక్కువుంటే డివిజన్-3 కాలేజీలు మంచివి. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు గానీ, చదువుకు ఇచ్చే సాయం బాగానే ఉంటుంది. ఏ దారైనా మార్కులు పడిపోకూడదు. డివిజన్-1కి 16 కోర్ కోర్సులు, 2.3 జీపీఏ తప్పనిసరి. ఆ లెక్క స్కూలు కౌన్సిలర్‌తో ఈ నెలలోనే చూసుకోండి.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ అడగక తప్పదు. బాబు అమెరికాలో పుట్టాడా? ఇంకా హెచ్-4 మీదే ఉంటే 21 ఏళ్లు నిండగానే అది చెల్లదు. ఎఫ్-1కి మారితే కాలేజీ ఆటగాళ్లకు ఇప్పుడొస్తున్న ప్రకటనల డబ్బు తీసుకోవడం చిక్కుతో కూడిన వ్యవహారం. ప్రొఫెషనల్ కాంట్రాక్టు వస్తే జట్టే పీ-1 వీసా చూస్తుంది, అది తర్వాతి మాట. ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

వాళ్లమ్మ గారికి ఒక మాట. వాడు ఔటై వచ్చిన రోజు కార్లో ఆట ఊసెత్తకండి. ఏం తింటావని అడగండి, చాలు. కోచ్‌తో మాట్లాడాక ఆయన ఏమన్నారో నాకు రాయండి. ఏ స్థానం ఎంచుకోమన్నారో తెలిస్తే, ఏయే కాలేజీలకు రాయాలో అప్పుడు చూద్దాం.